సర్వర్ మారాక ఒక్కొక్కరికి రెండేసి సెంట్ ఫోల్డర్లు: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసుకు కంప్యూటర్లు, మెయిళ్లు నేనే చూస్తాను. ఈ వ్యాపారంలో పంపిన మెయిలే సాక్ష్యం. చైనా, శ్రీలంక పార్టీలకు వెళ్లిన ఇన్‌వాయిస్, ఫైటో సర్టిఫికెట్ (సరుకుకు తెగుళ్లు లేవనే పత్రం) కాపీ, ఏది కావాలన్నా సెంట్ ఫోల్డర్‌లోనే వెతుకుతారు. అందుకే కొరియర్ అనే పాత మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ తీసేసి, దాని బదులు డవ్‌కాట్ అనేది పెట్టిన మర్నాడు, డాక్యుమెంట్లు చూసే పెద్దాయన "బాబూ, నేను పంపినవన్నీ ఏమైపోయాయి?" అని ఫోన్ చేస్తే టెన్షన్ పడ్డాను.

మెయిళ్లు ఎక్కడికీ పోలేదు. ఆయన అవుట్‌లుక్‌లో సెంట్, సెంట్ ఐటమ్స్ రెండూ కనిపిస్తున్నాయి. పాతవి ఒకదాంట్లో ఉన్నాయి, ఆ పొద్దున పంపినవి రెండోదాంట్లో పడ్డాయి. ఐఫోన్‌లో చూస్తే సెంట్ మెసేజెస్ అని ఇంకొకటి. ట్రాష్, జంక్‌లదీ అదే పరిస్థితి.

"ఖాళీగా కనిపించేది డిలీట్ చేసేయనా అండీ?" అని అకౌంట్స్ మేడం అడిగారు. వద్దండీ, దేన్నీ ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి, అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ అక్కడివే చూపించే పద్ధతి ఐమ్యాప్. అందులో ఒక కంప్యూటర్‌లో ఫోల్డర్ తీసేస్తే సర్వర్‌లోనే పోతుంది, ఇక ఏ ఫోన్‌లోనూ ఉండదు.

కొరియర్‌లో ప్రతి ఫోల్డర్ పేరు ముందూ "ఇన్‌బాక్స్" అని, చుక్క పెట్టి ఉంటుంది. డవ్‌కాట్ మనం చెబితే తప్ప అలా పెట్టదు. పాత పేరుతో అడిగిన ప్రోగ్రామ్‌కి ఫోల్డర్ దొరకలేదు, కొత్తది తయారుచేసుకుంది. దానికితోడు పంపినవి దాచే ఫోల్డర్‌కి ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో పేరు పెడుతుంది. పంపినవి ఇందులో, చెత్త అందులో అని సర్వరే ఫోల్డర్లకు గుర్తు పెట్టి చెప్పే పద్ధతి 2011లోనే ఆర్ఎఫ్‌సీ 6154 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. మా కొత్త సర్వర్‌లో ఆ గుర్తులు పెట్టి లేవు. నా దృష్టిలో అసలు లోపం అదే. ఇది సరిచేయకుండా మెయిళ్లు ఎన్నిసార్లు సర్దినా మళ్లీ రెండో ఫోల్డర్ పుట్టుకొస్తుంది.

ముందు, సర్వర్‌లో మెయిళ్లు దాచి ఉంచే మెయిల్‌డిర్ మొత్తానికి బ్యాకప్ తీశాను. డవ్‌కాట్ నిర్వహణకు వాడే డవ్‌ఎడిఎం కమాండ్‌తో ప్రతి ఖాతాలో ఏ ఫోల్డర్‌లో ఎన్ని మెయిళ్లున్నాయో రాసుకున్నాను. తర్వాత కాన్ఫిగరేషన్‌లో సెంట్, డ్రాఫ్ట్స్, ట్రాష్, జంక్‌లకు గుర్తులు పెట్టి, అవి అందరికీ వాటంతటవే సబ్‌స్క్రైబ్ అయ్యేలా, అంటే ఫోల్డర్ల జాబితాలో కనిపించేలా చేశాను. పాత పేర్లతో అడిగేవాళ్లకూ అవే ఫోల్డర్లు దొరకడానికి, జాబితాలో కనిపించని ఒక నేమ్‌స్పేస్ (ఫోల్డర్ పేర్ల వరస) చేర్చాను. అప్పుడుగానీ మెయిళ్లు కదల్చలేదు. సెంట్ ఐటమ్స్‌లోవి, సెంట్ మెసేజెస్‌లోవి సర్వర్ మీదే సెంట్‌లోకి మార్చి, ముందు రాసుకున్న లెక్కతో సరిచూశాను.

ఒక ఖాతాలో లెక్క ఎక్కువ వచ్చింది. ఆ ఉద్యోగి అప్పటికే మెయిళ్లను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కాపీ చేసుకున్నారట. ప్రతి మెయిల్‌కీ ఉండే గుర్తింపు, మెసేజ్ ఐడీని బట్టి రెండో కాపీని తీసేసే డీడూప్లికేట్ కమాండ్ డవ్‌కాట్‌లో ఉంది. దాన్ని ఆ ఒక్క ఖాతాలో, సెంట్ ఫోల్డర్ వరకే నడిపాను. సర్వర్ మొత్తం మీద నడపడం నాకు ఇష్టం లేదు. తీసేసిన మెయిల్ మళ్లీ కావాలంటే బ్యాకప్‌లోకి వెళ్లాల్సిందే.

ఎక్కువ సమయం పట్టింది మాత్రం సీటు సీటుకీ తిరగడానికే. అవుట్‌లుక్‌లో రూట్ ఫోల్డర్ పాత్ అనే గడిలో పాత పేరు ఉంటే తీసేయాలి. ఐఫోన్‌లో ఖాతా అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పంపినవి ఏ ఫోల్డర్‌లో పడాలో చూపించాలి. పార్టీల పేర్లతో సొంతంగా పెట్టుకున్న ఫోల్డర్లు కొందరికి కనిపించలేదు. వాటికి సబ్‌స్క్రిప్షన్ మళ్లీ పెడితే వచ్చేశాయి.

ఖాళీ అయిన ఫోల్డర్లను వెంటనే తీయలేదు. ఏదైనా ఫోన్ ఇంకా వాటిలోకే మెయిల్ పంపుతుందేమోనని రోజూ చూస్తూ, ఒక్కటీ పడటం లేదని తేలాకే తొలగించాను.