వృత్తి నిబద్ధత, బృంద పని: నర్సింగ్ పరీక్షకు ఈ అధ్యాయాన్ని నేను చదివిన తీరు

నర్సింగ్ పరీక్షలకు సిద్ధమవుతున్న మిత్రులకు,

వృత్తి నిబద్ధత, బృంద పని అనే అధ్యాయాన్ని మనలో చాలామంది తేలిక పాఠంగా లెక్కగట్టి పక్కన పెడతాం. ఫార్మకాలజీలో లాగా మోతాదులు గుర్తుపెట్టుకోనక్కర లేదనీ, వార్డులో పనిచేసినవారికి సమాధానం దానంతటదే తోస్తుందనీ అనుకుంటాం. పాత ప్రశ్నపత్రాలను వరుసగా సాధన చేస్తే ఆ ధీమా నిలవదు. ఈ ప్రశ్నల్లో తరచుగా నాలుగు ఆప్షన్లూ మంచి పనులే అయి ఉంటాయి. నర్సు ముందుగా ఏది చేయాలి, ఏ పనిని ఎవరికి అప్పగించవచ్చు, ఎవరికి మొదట తెలియజేయాలి అన్నదే అక్కడి పరీక్ష. అందువల్ల నేను దీన్ని మంచి నడవడికను బోధించే పాఠంగా కాక, బాధ్యత ఎవరి చేతిలో ఎంతవరకు ఉంటుందో చెప్పే పాఠంగా చదివాను. ప్రతి ప్రశ్న దగ్గరా "ఇందులో నర్సు మరొకరికి అప్పగించలేనిది ఏది?" అని ప్రశ్నించుకుంటే చాలా ప్రశ్నలు విడిపోతాయి.

ఎక్కువ సమయం డెలిగేషన్‌కు, అంటే పనిని మరొకరికి అప్పగించడానికి సంబంధించిన భాగానికి, కేటాయించాను. సరైన పని, సరైన పరిస్థితి, సరైన వ్యక్తి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ అనే అయిదు నియమాలను అందరమూ కంఠతా పడతాం, కానీ ప్రశ్న ఆ జాబితాను అరుదుగా అడుగుతుంది. స్థిరంగా ఉన్న రోగికి స్నానం చేయించడం, రక్తపోటు చూడడం, మూత్రాన్ని కొలిచి నమోదు చేయడం వంటివి నర్సింగ్ అసిస్టెంట్‌కు అప్పగించవచ్చు. రోగి స్థితిని అంచనా వేయడం, సంరక్షణ ప్రణాళిక వేయడం, ఆరోగ్య బోధన, చేసిన సంరక్షణ ఫలించిందో లేదో తేల్చడం రిజిస్టర్డ్ నర్సు వద్దనే ఉండాలి. మెలిక ఏమిటంటే, రోగి స్థితిని బట్టి ఒకే పని చేతులు మారుతుంది. మింగడంలో ఏ ఇబ్బందీ లేని వృద్ధుడికి ఆహారం తినిపించే పనిని అసిస్టెంట్‌కు ఇవ్వవచ్చు. పక్షవాతం వచ్చి, మింగే సామర్థ్యాన్ని ఇంకా పరీక్షించని వ్యక్తి విషయంలో అదే పనిని ఇవ్వకూడదు. పనిని ఎవరికి అప్పగించినా, ఆ నిర్ణయానికి జవాబుదారీతనం అప్పగించిన నర్సుదే.

దీనిమీద వచ్చే ప్రశ్న ఒకటి ఊహించండి. శస్త్రచికిత్స జరిగిన రోగికి రక్తపోటు బాగా తగ్గి 84/50 ఉందని అసిస్టెంట్ వచ్చి చెబుతుంది. డాక్టరుకు ఫోన్ చేయడం, మళ్లీ కొలవమని అసిస్టెంట్‌కే చెప్పడం, చార్టులో రాయడం, స్వయంగా వెళ్లి రోగిని చూడడం అనే నాలుగింటిలో మొదటిది ఏది? కొలవడాన్ని అప్పగించాం గాని, ఆ అంకెకు అర్థం చెప్పే పనిని అప్పగించలేదు కాబట్టి నర్సు స్వయంగా వెళ్లి చూడాలి. అయితే "అంచనాయే ఎప్పుడూ ముందు" అని గుడ్డిగా పట్టుకుంటే ఇంకో ప్రశ్నలో దెబ్బ తింటాం. నర్సు రోగిని అప్పటికే చూసిందనీ, గాయం కట్టు రక్తంతో తడిసిందనీ, నాడి వేగంగా ఉందనీ ప్రశ్నలోనే ఉంటే, సమాచారం ఇంకా సేకరించడం ఆలస్యమే అవుతుంది. అక్కడ గాయంమీద ఒత్తిడి పెట్టడం, సహాయానికి పిలవడం వంటి చర్య వైపు వెళ్లాలి. కోచింగ్ నోట్సుల్లో సూత్రమే ఉంటుంది, దాని హద్దు ఉండదు. ఆ హద్దును మనమే ప్రశ్నల నుంచి పట్టుకోవాలి.

సమాచార మార్పిడిలో, రోగి సంగతిని నాలుగు భాగాలుగా నివేదించే ఎస్‌బార్ (SBAR) పద్ధతి తప్పక వస్తుంది. ఈ పద్ధతి అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల్లో పుట్టి, అక్కడి ఆరోగ్య సేవల సంస్థ కైసర్ పర్మనెంటే ద్వారా వైద్యరంగంలోకి వచ్చింది. పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫారసు అనే నాలుగు భాగాల పేర్లు తెలిస్తే చాలదు, ఇచ్చిన వాక్యం ఏ భాగానికి చెందుతుందో పోల్చగలగాలి. "రోగికి నిన్న పొట్ట ఆపరేషన్ జరిగింది" అన్నది నేపథ్యం, "లోపల రక్తస్రావం అవుతోందని అనుకుంటున్నాను" అన్నది అంచనా, "మీరు వెంటనే వచ్చి చూడాలి" అన్నది సిఫారసు. డాక్టరుకు సలహా చెప్పడం అతిగా ఉంటుందేమోనన్న సంకోచంతో చాలామంది ఈ చివరి భాగాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో మిగిలిన మూడింటికీ ప్రయోజనం చేకూర్చేది అదే. దీన్ని ఒంటరిగా చదవడం కన్నా తోటి అభ్యర్థితో సాధన చేయడం మేలు. ఒకరు ఫోన్‌లో రోగి గురించి నివేదిస్తే, మరొకరు డాక్టరుగా విని, అర్థం కానిచోట ఆపి అడగాలి. ఫోన్‌లో ఇచ్చిన ఆదేశాన్ని రాసుకుని, తిరిగి చదివి వినిపించి, సరేననిపించుకోవడం కూడా ఆ సాధనలోనే అలవడుతుంది.

సందేహాస్పదమైన ఆదేశం మీద వచ్చే ప్రశ్నలకు ఒక క్రమం ఉంది. మోతాదు ఎక్కువగా ఉందనిపిస్తే నర్సు ఆ మందు ఇవ్వకుండా ఆపి, ఆదేశమిచ్చిన డాక్టరునే ముందు సంప్రదించాలి. ఆయన పట్టుబట్టినా సందేహం తీరకపోతే ఇన్‌చార్జి నర్సుకు, తర్వాత సూపర్‌వైజర్‌కు చెప్పాలి. మందు ఇచ్చేసి "డాక్టరు చెప్పారు" అని రాసుకోవడం రక్షణ కాదు. మధ్య మెట్లు వదిలేసి నేరుగా పై అధికారికి ఫిర్యాదు చేయడమూ సరైన జవాబు కాదు. వైద్య బృందాల కోసం రూపొందించిన టీమ్‌స్టెప్స్ అనే శిక్షణ విధానంలో, మొదటిసారి చెప్పినది పట్టించుకోకపోతే రెండోసారి స్పష్టంగా చెప్పాలన్న నియమం ఉంది. "ఆందోళనగా ఉంది, నాకు ఇబ్బందిగా ఉంది, ఇది భద్రతకు సంబంధించిన విషయం" అని తీవ్రతను మెట్టు మెట్టుగా పెంచే మాటలనూ అందులోనే నేర్పుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టును వివరంగా చదవండి. అందులోని 19 అంశాలను మత్తు ఇవ్వడానికి ముందు, కోత పెట్టడానికి ముందు, రోగి థియేటర్ నుంచి బయటికి వెళ్లేముందు అనే మూడు దశల్లో సరిచూస్తారు. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఈ చెక్‌లిస్టు వాడాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కోతకు ముందు బృంద సభ్యులందరూ పేరు, బాధ్యత చెప్పి పరిచయం చేసుకోవాలన్న అంశం నన్ను బాగా ఆలోచింపజేసింది. థియేటర్‌లో ఒకసారి గొంతు విప్పిన జూనియర్ నర్సుకు, రక్తం తుడిచే గాజ్ (gauze) గుడ్డల లెక్క తేలనప్పుడు సర్జన్‌ను ఆపడం కొంత సులువవుతుంది.

నైతిక నియమావళి విషయంలో, అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తన నియమావళిని ఆమోదించిందనీ, 2021లో సవరించిందనీ, రోగులు, వృత్తి ఆచరణ, వృత్తి, ప్రపంచ ఆరోగ్యం అనే నాలుగు భాగాలుగా అది ఉందనీ తెలిస్తే నేరుగా అడిగే ప్రశ్నలకు సరిపోతుంది. సందర్భం ఇచ్చి అడిగేవే కష్టం. సహోద్యోగి మద్యం సేవించి విధులకు వచ్చినట్టు కనిపిస్తే, ఆ వ్యక్తి రోగుల దగ్గరికి వెళ్లకుండా చూసి వెంటనే సూపర్‌వైజర్‌కు తెలపాలి. స్నేహం కొద్దీ కప్పిపుచ్చడం, షిఫ్ట్ ముగిశాక మందలించడం రెండూ తప్పు ఆప్షన్లే. మందు పొరపాటు జరిగితే ముందు రోగిని చూసి, డాక్టరుకు తెలిపి, ఆ తర్వాతే ఇన్సిడెంట్ రిపోర్ట్ (పొరపాటును ఆసుపత్రికి తెలిపే నివేదిక) రాయాలి. జరిగిన సంగతినీ, అందించిన సంరక్షణనూ కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు రాయాలి గాని, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసినట్టు అందులో పేర్కొనకూడదు. ఈ చిన్న తేడా మీద ప్రశ్నలు వస్తూనే ఉంటాయి.

సిద్ధాంతాలకు ఎక్కువ సమయం అక్కరలేదు. బృందం రూపుదిద్దుకోవడం, ఘర్షణ పడడం, కట్టుబాట్లు ఏర్పరచుకోవడం, ఫలితం సాధించడం అనే దశలను మనస్తత్వ శాస్త్రవేత్త టక్‌మన్ 1965లో చెప్పి, విడిపోవడం అనే దశను 1977లో జెన్సెన్‌తో కలిసి చేర్చారు. సంఘర్షణను ఎదుర్కోవడానికి థామస్, కిల్‌మన్ చెప్పిన అయిదు శైలుల్లో సహకారానికీ రాజీకీ ఉన్న తేడాను మాత్రం ఉదాహరణతో గుర్తుపెట్టుకోండి: సహకారంలో ఇద్దరి అవసరాలూ పూర్తిగా తీరే దారి వెతుకుతారు, రాజీలో ఇద్దరూ కొంత వదులుకుంటారు. ఇవి ఒక కాగితం మీద పట్టేంత విషయమే కాబట్టి, పరీక్షకు ముందురోజు మరోసారి చూసుకుంటే చాలు.