ఈడెన్ నది ఒడ్డున గుర్రాల సంత

బ్రిటన్‌లో 2008 నుంచి జూన్ నెలను, సంచార జాతులుగా పేరుపడ్డ జిప్సీ, రోమా, ట్రావెలర్ల చరిత్ర మాసంగా జరుపుతున్నారు. మా ఊరి లైబ్రరీలో ఆ సందర్భంగా పెట్టిన ఫొటోల్లో, మెడలోతు నీళ్ళలో గుర్రం, దాని వీపు మీద జీను కూడా లేకుండా పదేళ్ళ పిల్లాడు ఉన్న ఫొటో చూశాక నాకిక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఆ వారాంతమే యాపిల్‌బీ గుర్రాల సంతకి వెళ్దామని లీడ్స్‌లో కార్లైల్ రైలెక్కేశాను.

రైల్లో ఎదురు సీటావిడ ఎక్కడికని అడిగి, యాపిల్‌బీ సంతకని చెప్పగానే, "బ్యాగు ముందుకేసుకోండి, జాగ్రత్త" అంది. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన మీద పోతున్నాం, బయట చూడాల్సినంత అందం, నాకేమో మా బాపట్ల గుర్తొచ్చింది. చిన్నప్పుడు చీరాల వెళ్ళే ప్యాసింజర్ స్టువర్టుపురంలో ఆగితే చాలు, పెట్టెలో పెద్దవాళ్ళు సామాను దగ్గరికి లాక్కునేవాళ్ళు. ఎందుకని అడిగితే గుసగుసగా ఒక మాట చెప్పేవాళ్ళు. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం పేరుతో తెల్లవాళ్ళు ఎరుకల కుటుంబాలను అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారని, 1952లో ఆ ముద్ర కాగితాల మీద తీసేసినా జనం నోట్లోంచి పోలేదని పెద్దయ్యాక చదివాను. ఆ తెల్లవాళ్ళే సొంత దేశంలో జిప్సీలను వెళ్ళిపొమ్మని 1530లో చట్టం చేశారు, 1554లో వెళ్ళకుండా ఉండిపోతే మరణశిక్షే అన్నారు. బ్యాగు ఎప్పటిలాగే పక్కన పెట్టుకున్నాను.

యాపిల్‌బీ ఉత్తర ఇంగ్లండులో ఈడెన్ నది ఒడ్డున మూడు వేల జనాభా ఉండే చిన్న ఊరు. 1775 ప్రాంతం నుంచి ఇక్కడ ఏటా జూన్‌లో గుర్రాల సంత. దేశం నలుమూలల నుంచి పది వేల మంది దాకా జిప్సీలు, ట్రావెలర్లు వస్తారు, చూడటానికి వచ్చేవాళ్ళు అంతకు మూడింతలు. స్టేషన్ నుంచి దిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి నేను ఫొటోలో చూసిందే కళ్ళ ముందుంది. పదిహేనేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి నలుపూ తెలుపూ మచ్చల గుర్రాన్ని నీళ్ళలోకి నడిపించి, గిన్నెలు తోమే లిక్విడ్ అరచేతిలో పోసుకుని జూలుకి రాస్తోంది. ఆ జాతి గుర్రాలకి మోకాళ్ళ కింద నుంచి గిట్టల మీదకి కుచ్చుల్లాగా వెంట్రుకలు వేలాడుతుంటాయి, వాటిని ఒక్కో పాయా విడదీసి కడుగుతోంది, మా అమ్మ నాకు కుంకుడుకాయతో తల అంటినంత శ్రద్ధగా. నురగ పోయాక ఒక్క గెంతులో వీపెక్కి లోతులోకి తీసుకెళ్ళింది. గుర్రం ఈదుతుంటే తల మాత్రమే కనిపిస్తుంది, ముక్కుపుటాలు బుసకొడుతుంటాయి. నేను అక్కడే గంటన్నర నిలబడిపోయాను.

బేరాలు జరిగే దారిలో మాత్రం ప్రాణం అరచేతిలో పెట్టుకుని నడవాలి, రెండు చక్రాల తేలిక బండ్లు కట్టి గుర్రాల్ని దౌడు తీయించి చూపిస్తుంటారు. మన పశువుల సంతలో దళారులు తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు కదా, ఇక్కడ అందరి ముందూ అరచేతి మీద అరచేయి చరుస్తారు. ఒక్కో అంకెకి ఒక్కో దెబ్బ. కుదరకపోతే మూడో మనిషి వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకుని కలిపేస్తాడు.

కొండ మీద వాళ్ళు ఇళ్ళలా వాడుకునే గుర్రపు బండ్లు. ఆకుపచ్చ కేన్వాసు కప్పిన ఒక గుండ్రటి బండి దగ్గర పెద్దాయన ఒకరు లోపలికి చూడమన్నారు. మెట్టెక్కగానే ఎడమ చేతి వైపు ఇనప పొయ్యి. అన్ని బండ్లలోనూ అటేనట. తలుపు బండికి ముందు వైపు ఉంటుంది కాబట్టి ఎక్కేవాళ్ళకి ఎడమ అంటే బండికి కుడి పక్క. ఈ దేశంలో రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తారు, పొగగొట్టం బండికి ఎడమ పక్కనుంటే రోడ్డు పక్క చెట్ల కొమ్మలకి తగులుతుంది. వెనక అడ్డంగా మంచం, మంచం కింద తలుపుల అర, అందులో పిల్లలు పడుకునేవాళ్ళు. బయట ఆయన భార్య గిన్నెలకొక తొట్టి, ఒళ్ళు కడుక్కోవడానికి ఇంకొకటి పెట్టుకుంది, ఇందులోది అందులో కలిస్తే మైలట. మా అమ్మమ్మ ఈవిడతో అయిదు నిమిషాల్లో కలిసిపోయేది.

ఇండియా నుంచి అనగానే పెద్దాయన "పానీ" అని నది వైపు చూపించాడు. నాకు ఒళ్ళు జలదరించింది. జిప్సీల, రోమాల పూర్వీకుల భాష రోమానీలో నీళ్ళు పానీయే. బండిని వార్డో అంటారు, అది కాకసస్ కొండల్లో మాట్లాడే ఒసెటిక్ భాష మాట. దారిని ద్రోమ్ అంటారు, అది గ్రీకు. వెయ్యేళ్ళ కిందట వాయవ్య భారతం నుంచి బయల్దేరినవాళ్ళు దారిలో ఏ ఏ ఊళ్ళ నీళ్ళు తాగారో రాసి పెట్టుకున్న పుస్తకం లేదు, ఈ మాటలే ఉన్నాయి. వీళ్ళు మన లంబాడీలే అని మనవాళ్ళు చాలామంది తేలిగ్గా అనేస్తారు. బంజారాల వలస వేరు, వాళ్ళ చరిత్ర వేరు, రెంటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. ఐరిష్ ట్రావెలర్ల మూలాలైతే ఐర్లండులోనే.

ఆయన బండికి నీలం, ఆకుపచ్చ రంగుల జెండా కట్టి ఉంది, మధ్యలో పదహారు ఆకుల ఎర్ర చక్రం. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభలో ఖాయం చేసుకున్న జెండా అది. అంకెలు చెప్పమని అడిగాను. "యేక్, దూయ్, త్రిన్, స్తోర్, పంజ్" అని వేళ్ళు మడిచి ఆగిపోయాడు. ఆరు తనకి రాదట, వాళ్ళ నాయనమ్మకి ఇరవై దాకా వచ్చేవట. అప్పటిదాకా పొయ్యి పక్కన కూర్చుని వింటున్న మనవరాలు దిగొచ్చి, "ఇండియాలో ఆరుని ఏమంటారు?" అని నన్నడిగింది.

హిందీలో "ఛే", మా తెలుగులో "ఆరు" అని చెప్పాను. రెండూ చేతి మీద పెన్నుతో రాయించుకుంది.