ఎర్ర బస్సు పక్కన పెట్టి వేల్స్ కొండలెక్కాం

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌కు రాజధాని కార్డిఫ్. అక్కడ శనివారాలు జరిగే ఒక ఇంగ్లిషు క్లాసులో చివరి గంట నాది. ఉద్యోగం వేరే ఉంది, ఇది సరదాకొద్దీ చేస్తున్న పని. పిల్లలు ఏడు నుంచి పదేళ్ళ మధ్యవాళ్ళు. తెలుగు, మలయాళం, అరబిక్ మాట్లాడే ఇళ్ళ నుంచి వస్తారు. చాలామంది ఈ దేశానికి వచ్చి ఏడాది కూడా నిండలేదు. వాళ్ళ పుస్తకాలు తిరగేస్తే ఎర్ర బస్సు, గడియార స్తంభం, రాజుగారి భవనం, అంతా లండనే. వీళ్ళేమో ఉండేది వేల్స్‌లో. కళ్ళతో చూసినదాని గురించి అడిగితే తప్పో ఒప్పో ఏదో ఒకటి చెబుతారు. చూడని ఊరి గురించి అడిగితే నోరు మెదపరు. అందుకని వేల్స్‌నే ఒక చెక్క మీద కట్టి, దాని చుట్టూ కూర్చుని మాట్లాడుకుందామని చలికాలంలో మొదలుపెట్టాను. పని ఎంతవరకు వచ్చిందో, ఇలాంటిది చేయాలనుకునేవారికి ఏవి పనికొస్తాయో రాసిపెడుతున్నాను.

నవంబరు

చెక్క 6 మి.మీ. ప్లైవుడ్, కొలత 60 × 40 సెం.మీ. వేల్స్ ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 270 కి.మీ. ఒక సెంటీమీటరుకు 5 కి.మీ. లెక్కన గీస్తే 54 సెం.మీ. వస్తుంది. నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెంబ్రోక్‌షైర్ కూడా చెక్క దాటి పోదు.

చిక్కల్లా ఎత్తుతోనే. వేల్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్నోడన్ 1,085 మీటర్లు. అదే లెక్కన పటం మీద రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన తేలుతుంది. దాన్ని చూపించి కొండ అంటే ఏ పిల్లవాడూ నమ్మడు. అందుకే ఎత్తును 20 రెట్లు పెంచాను. స్నోడన్ 4.3 సెం.మీ., దక్షిణాన పెన్ అ వాన్ అనే 886 మీటర్ల కొండ 3.5 సెం.మీ. అయ్యాయి. పెంచిన సంగతి పిల్లలకూ చెప్పాను, లేకపోతే వేల్స్ హిమాలయాలంత అనుకుంటారు.

డిసెంబరు, జనవరి

కొండలకు ఉప్పుపిండి వాడాం. రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, సుమారు ముప్పావు కప్పు నీళ్ళు. నీళ్ళు ఒకేసారి పోయకూడదు. నాలుగు సెంటీమీటర్ల ముద్ద పెడితే పైన ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉండి తర్వాత పగులుతుంది. పాత పేపర్లు ఉండలు చుట్టి, మాస్కింగ్ టేపుతో చెక్కకు అంటించి, పైన అర సెంటీమీటరు పొర మాత్రం పిండి పరిస్తే సరిపోతుంది. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది కాబట్టి ఇక్కడి వానల్లో ఆరిన పటం కూడా మళ్ళీ చెమరుస్తుంది. హీటరుకు మరీ దగ్గరగా కాకుండా ఎండనిచ్చి, రంగు వేశాక రెండు పూతలు వార్నిష్ తప్పనిసరి. చెక్క అడుగు వైపు కూడా వేయాలి.

కొండలకు ఆకుపచ్చ డబ్బా తీస్తుంటే ఒక పాప అడ్డం వచ్చి బ్రౌన్ కావాలంది. వాళ్ళ నాన్నతో దక్షిణాన ఉన్న బ్రెకన్ వైపు వెళ్ళినప్పుడు కొండలు అలాగే ఉన్నాయట. ఆ పాప చూసింది నిజమే. బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క చలికాలంలో ఎండిపోయి కొండ వాలుకు వాలే తుప్పు రంగుకు తిరుగుతుంది. చివరికి ఉత్తరాదికి ఎండాకాలం, దక్షిణాదికి చలికాలం వేశారు. ఎందుకలా వేశారో వచ్చినవాళ్ళందరికీ ఇంగ్లిషులో చెప్పుకోవాల్సిన బాధ్యత వాళ్ళదే.

గొర్రెలకు దూది ఉండలు, నల్ల మిరియాల తలలు. వేల్స్‌లో జనం 31 లక్షలు, గొర్రెలు అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. ఇది చెప్పాక దూది సరిపోలేదు.

ఫిబ్రవరి

నదులకు నీలం ఊలు తెచ్చాను. నడిమి వేల్స్‌లో ప్లిన్‌లిమన్ అనే 752 మీటర్ల కొండ మీద సెవర్న్, వై, రైడాల్ నదులు మూడూ పుడతాయి. ఈ ముగ్గురూ అక్కచెల్లెళ్ళని, సముద్రాన్ని చేరడానికి తలో దారి పట్టారని అక్కడి కథ. రైడాల్ తొందరపడి తిన్నగా పడమటికి, సముద్రం ఒడ్డున ఉన్న అబెరిస్ట్‌విత్ ఊరికి దిగింది. వై కొండలూ అడవులూ చూసుకుంటూ దక్షిణానికి వెళ్ళింది. సెవర్న్ ఊళ్ళు చూడాలని ఇంగ్లండు వైపు చుట్టు తిరిగి, 354 కిలోమీటర్లు నడిచి బ్రిటన్‌లోకెల్లా పొడవైన నది అయింది. చెప్‌స్టో దగ్గర వై వచ్చి మళ్ళీ అక్కను కలుసుకుంటుంది. ముగ్గురు పిల్లలకు మూడు ఊలు ఉండలు ఇచ్చి, నది ఎటు పోతోందో చెబుతూ పిన్నులు గుచ్చమన్నాను. ఎడమ, కుడి, చుట్టూ, మధ్యలోంచి, కింది నుంచి అనే మాటలు ఏ అభ్యాసమూ రాయించకుండానే వచ్చాయి. సెవర్న్ పట్టిన అబ్బాయికి ఊలు చాలక పోయి రైడాల్ దగ్గర అప్పు అడిగాడు. అదీ ఇంగ్లిషులోనే.

పటంలో స్నోడన్ దిగువన బెద్‌గెలర్ట్ ఊరు పెట్టినప్పుడు గెలర్ట్ అనే కుక్క కథ చెప్పాను. లువెలిన్ రాజు వేట నుంచి తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, కుక్క మూతికి నెత్తురు ఉంది. బిడ్డను చంపిందనుకుని కుక్కను పొడిచేశాడు. తీరా చూస్తే బిడ్డ క్షేమం, పక్కన తోడేలు చచ్చి పడి ఉంది. సగంలో ఉండగానే ఒక తెలుగు అబ్బాయి "ఆంటీ, అది ముంగిస కదా!" అని లేచాడు. పంచతంత్రంలో పాము నుంచి బిడ్డను కాపాడి, తల్లి చేతిలో చచ్చిపోయిన ముంగిస కథ వాడికి కంఠతా వచ్చు. ఆ రోజు మిగిలిన గంటంతా వాడే టీచరు. రెండు కథల్లో ఏది ఒకటి, ఏది వేరు అని అట్ట మీద రెండు వరుసలు రాయించాను. బెద్‌గెలర్ట్‌లో ఇప్పటికీ చూపించే సమాధిని 18వ శతాబ్దం చివర సత్రం నడిపే ఒకాయన బేరాల కోసం పెట్టించాడని చెబుతారు. ఆ ముక్క పిల్లలకు ఇంకా చెప్పలేదు, కుక్క కోసం ఏడ్చినవాళ్ళున్నారు.

మార్చి

మొదటి తేదీ సెయింట్ డేవిడ్స్ డే, అంటే వేల్స్‌ను కాపాడే సాధువుగా కొలిచే డేవిడ్ పండుగ. ఆ రోజు బడిపిల్లలు డాఫడిల్ పువ్వో, ఉల్లి జాతికి చెందిన లీక్ మొక్కో గుచ్చుకుంటారు, ఆడపిల్లలు పొడవాటి నల్ల టోపీలు పెట్టుకుంటారు. బడుల్లో ఐస్తెద్వోద్ అనే కవితల, పాటల పోటీ జరుగుతుంది. 1176లో కార్డిగన్ కోటలో అప్పటి పాలకుడు లార్డ్ రీస్ పెట్టిన సభ నుంచి దీన్ని లెక్కిస్తారు. అప్పుడూ ఇప్పుడూ కవికి బహుమానం కుర్చీ. మేమూ పెట్టాం. నాలుగు పంక్తుల కవిత, మారుపేరుతో రాయాలి. పేరు పిలిచినప్పుడు గెలిచినవారు జనంలోంచి లేచి నిలబడాలి. కత్తిని ఒరలోంచి సగం లాగి శాంతి ఉందా అని మూడుసార్లు అడగడం, అందరూ ఉందని అరవడం ఇక్కడి ఆచారం. మాది అట్ట కత్తి, అరుపు మాత్రం అసలుదే. సిగ్గుపడే పిల్లలకు మారుపేరు చాలా మేలు చేసింది.

తినడానికి వెల్ష్ కేకులు. 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ పిండి (బేకింగ్ పౌడర్ ముందే కలిపిన మైదా), 110 గ్రాముల వెన్న, 85 గ్రాముల పంచదార, గుప్పెడు ఎండుద్రాక్ష, ఒక గుడ్డు, అర చెంచా మసాలా పొడి. మసాలా అంటే దాల్చినచెక్క, జాజికాయ లాంటివి కలిపిన తీపి మసాలా. చల్లటి వెన్నను పిండిలో వేళ్ళతో నలిపి, మిగతావి కలిపి, అర సెంటీమీటరు మించి వత్తి గుండ్రంగా కోయాలి. పాత పద్ధతిలో పంది కొవ్వు కూడా వేసేవారు. మా క్లాసులో అన్ని ఇళ్ళవాళ్ళూ తినాలి కాబట్టి వెన్న ఒక్కటే. గుడ్డు తినని ఇళ్ళకు బదులుగా రెండు చెంచాల పాలు పోస్తే సరిపోతుంది. వీటిని ఓవెన్‌లో కాల్చరు, బరువైన ఇనప రేకు మీద కాలుస్తారు. మా ఇంటి దోసెల పెనం పట్టుకెళ్ళాను. సన్నని సెగ మీద ఒక్కో వైపు మూడు నిమిషాలు. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

ఏప్రిల్

ప్రేమ గరిటెలు వేల్స్‌లో పాత ఆచారం. కార్డిఫ్ దగ్గరి సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో 1667 తేదీ చెక్కిన గరిటె ఉంది. పెళ్ళాడాలనుకున్న పిల్లకు కుర్రాడు స్వయంగా చెక్కి ఇచ్చేవాడు. పిల్లలకు కత్తులు ఇవ్వలేం కాబట్టి బజారులో దొరికే చెక్క గరిటె, పెన్సిలు, రంగులు. తాళంచెవి, గొలుసు, గుర్రపు నాడా వంటి గుర్తుల్లో రెండు ఎంచుకుని ఎవరికి ఇస్తారో, ఎందుకో చెప్పాలి. ఎక్కువమంది అమ్మమ్మలకే ఇచ్చారు.

తర్వాత

పటం మీద ఉత్తరాన పలకరాయి ముక్క అంటించాం. దక్షిణాన బొగ్గు ముక్క పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. బ్లైనావన్‌లో బిగ్ పిట్ అనే పాత గనికి పిల్లలను తీసుకెళ్ళాలి. 90 మీటర్ల లోతుకు దింపుతారు. మీటరు ఎత్తు లేని పిల్లలను రానివ్వరు కాబట్టి చిన్న తమ్ముళ్ళను తేవద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పాను. ఫోనులు, బ్యాటరీ గడియారాలు పైనే వదిలి దిగాలి, ఫొటోల ఆశ పెట్టుకోకూడదు. ఒక అబ్బాయి తాతగారు సింగరేణిలో చేసి రిటైరయ్యారట. అక్కడి గైడును అడగమని ఆయన ఫోనులో ప్రశ్నలు చెబుతుంటే వాడు ఇంగ్లిషులో రాసుకుంటున్నాడు. ఇప్పటికి షిఫ్టు వేళలు, పైకప్పుకు వాడిన దుంగలు, క్యాంటీన్ భోజనం దాకా వచ్చారు.