బొగ్గు కడ్డీతో గీసిన సందు

తెల్లారి బస్సు తుంగభద్ర వంతెన ఎక్కేసరికి మెలకువ వచ్చింది. ఏట్లో నీళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. కర్నూలు వచ్చి పన్నెండేళ్లయింది. ఈసారి పెళ్లీ లేదు, చావూ లేదు. మామ కాళ్లు ఆడుతుండగానే ఆయనతో పాతబస్తీ తిరగాలని వచ్చానంతే. మామ ఇరవై ఎనిమిదేళ్లు ఒక టాకీసులో ఆపరేటరు. ఆ టాకీసు ఇప్పుడు లేదు.

కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిన్నాం. "ముందు యాడికి అల్లుడా, టాకీసుకా, మా నాయన డేరాకా?" అన్నాడు మామ. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక డేరాలు వేశారు. అట్లాంటి ఒక డేరాలో మామ వాళ్ల నాయన గుమాస్తా. గాలి లేస్తే ఫైళ్ల మీద రాళ్లు, రాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాళ్లట. 1956 నవంబరుకల్లా రాజధాని హైదరాబాదు పోయింది. ఆ మూడేళ్ల గురించి మామ ముప్పై ఏళ్లు ఏలినట్టే చెప్తాడు.

టాకీసు ఉన్నచోట ఇప్పుడు షట్టర్ల వరస. సెల్‌ఫోన్ కవర్ల కొట్టు ముందు ఆగి, "ఈడే నా క్యాబిన్" అని మామ పైకి చూపించాడు. పైన కరెంటు తీగలు తప్ప ఏమీ లేవు. కొట్టు పిల్లోడు కూడా తలెత్తి చూశాడు, పాపం.

సాయంత్రం మైకులో ఘంటసాల భక్తి పాట వేస్తే టికెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. అది వినబడగానే అమ్మ, అత్త పొయ్యి ఆర్పి బయల్దేరేవాళ్లు. ఒకే ప్రింటు రెండు టాకీసుల్లో ఆడితే రీళ్ల డబ్బాలు సైకిల్ మీద అటూ ఇటూ తిరిగేవి. ఒకరోజు సైకిల్ పంక్చరై ఇంటర్వెల్ ముప్పావుగంట సాగింది. జనం ఈలలేసి ఈలలేసి అలిసిపోయారు. పక్కసందు సోడాకొట్టు ఆయనకు మాత్రం అదే పండగ.

ఆ సందు ఏదని అడిగాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొంత పోయింది. మిగిలిన మట్టిమిద్దెలు 2009 అక్టోబరు వరదకు కూలాయి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే ఊరిమీద పడిన వరద అది. మామ ఇంట్లో ఆ నీటిచార ఇప్పటికీ కిటికీ పైన కనిపిస్తుంది. సున్నం ఎన్నిసార్లు కొట్టినా మళ్లీ తేలుతుందని అత్త విసుగు.

మధ్యాహ్నం మామ ఒక బిస్కెట్ డబ్బా తెచ్చాడు. పెళ్లి ఫోటోలు, పట్టుచీరలు వరదకు పోయినా ఇది బురదలో దొరికిందట. లోపల వేలెడంత బొగ్గు కడ్డీలు, పైన రాగిపూత. ప్రొజెక్టర్లో రెండు కడ్డీల మొనలు ఎదురెదురుగా పెడితే మధ్యలో మంట పుడుతుంది, తెరమీది వెలుగంతా అదే. కాలేకొద్దీ మొనలు దూరమవుతాయి. చెయ్యి తిప్పుతూ దగ్గరకు జరపకపోతే బొమ్మ మసకబారుతుంది. "హీరోయిన్ను ఒక్కసారి కూడా సరిగ్గా చూసింది లేదు, నా చూపంతా మంట మీదే" అన్నాడు.

ఒక కడ్డీ తీసుకుని గచ్చుమీద గీత గీశాడు. ఇది టాకీసు, ఇది సోడాకొట్టు, ఇది రజాక్ మంగలి అంగడి, ఈడ వేపచెట్టు. సందు మలుపు దగ్గర చెయ్యి ఆగింది. "ఈడ ఎవురిదే ఇల్లు?" అని లోపలికి కేకేశాడు.

"గచ్చంతా మసి చేస్తివి కదయ్యా!" అంది అత్త. వచ్చి, గీతల మీద కాసేపు వంగి చూసి, కడ్డీ ఆయన చేతిలోంచి తీసుకుంది.