మేము, మనం, మధ్యలో నా కథలు

చలికాలంలో మాకు శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి తెనాలిలో ఆదివారం ఉదయం ఏడున్నర అవుతుంది. ఆ వేళకు మా నాన్నగారు కాఫీ తాగి, పేపరు మడిచి పక్కన పెట్టి, ఫోను చేతికందేలా పెట్టుకుని కూర్చుంటారు. మా అమ్మాయికి నాలుగేళ్ళున్నప్పుడు, అలాంటి ఒక శనివారం మా అమ్మతో మాట్లాడుతూ "నా అమ్మ గిన్నెలు కడుగుతోంది" అంది. అవతల మా అమ్మ పకపకా నవ్వి, "నా అమ్మ ఏమిటే పిచ్చిమొహమా, మా అమ్మ అనాలి. మీ అన్నయ్యకు మాత్రం అమ్మ కాదూ?" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, "అన్నయ్య నిద్రపోయాడు" అని జవాబిచ్చింది. అంటే అన్నయ్య మేలుకుని ఉంటే మా అమ్మ, వాడు నిద్రపోయాక నా అమ్మ. ఆ తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తోబుట్టువులెవరూ లేని బిడ్డ కూడా తెలుగులో "మా అమ్మ" అనే అంటుందన్న సంగతి, అప్పటికి ఏడేళ్ళుగా కథలు రాస్తున్న నాకు, ఆ రాత్రి సబ్బు చేతులతో నిలబడి ఉన్నప్పుడు గాని తట్టలేదు.

మేముండేది మిషిగన్‌లో, డిట్రాయిట్‌కు వాయవ్యాన ఉన్న నోవై అనే ఊళ్ళో. జనవరిలో ఇక్కడ ఎనిమిదింటికి గాని సూర్యుడు కనబడడు కనుక పిల్లల స్కూలు బస్సు చీకట్లోనే వచ్చిపోతుంది. అంతకు మూడు గంటల ముందు లేచి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను రాసుకునేదాన్ని. మంచు కిటికీ అంచు దాకా పేరుకున్న రోజుల్లో రాసిన ఆ తొలి కథల్లో ఒక్క మంచు రేకు కూడా లేదు. అన్నింటిలోనూ కాలవగట్టు, గట్టు మీద రిక్షా, రిక్షాలో పెళ్ళికి వెళ్తున్న ఒక పిన్ని. ఇక్కడ తెలుగు కథ చదివేవారికి కొదవ లేదు; డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి పుస్తకాలు చదివి చర్చిస్తూనే ఉంది, అదే సంవత్సరం మొదలైన 'ఈమాట' పత్రికను చదవనివారు నాకు తెలిసినవారిలో అరుదు. అలా చదివిన ఒక పెద్దాయన ఒకసారి నాతో, "మీ పిన్ని రిక్షా ఎక్కిన చోట ఇప్పుడు ఆటోలు తప్ప ఏమీ లేవమ్మా" అన్నారు. నాకు కోపం వచ్చింది. నాలుగు రోజుల తరువాత ఆయన మాట నిజమేనని ఒప్పుకున్నాను గాని, రిక్షా తీసేశాక అక్కడ ఏం పెట్టాలో నాకు తెలియలేదు. నా కళ్ళ ముందున్న ఇంట్లో జరుగుతున్నది కథకు పనికివస్తుందన్న ఊహే అప్పటికి నాకు లేదు.

ఆ రోజుల్లో నేను ఆర్‌టీఎస్ పద్ధతిలో టైపు చేసేదాన్ని. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ పద్ధతిలో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతాం: చిన్న ఎల్ కొడితే 'ల', పెద్ద ఎల్ కొడితే 'ళ', చిన్న ఎన్ అయితే 'న', పెద్ద ఎన్ అయితే 'ణ'. ఏడేళ్ళ మా అబ్బాయి పెందలాడే లేచిన రోజున దుప్పటి కప్పుకుని వచ్చి నా పక్కన కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు తెలుగు అక్షరాలుగా మారడం చూస్తూ ఉండేవాడు. వాణ్ణి తెలుగు బడిలో చేర్చాం, రెండేళ్ళకు మానేశాడు, ఆ గొడవంతా ఇక్కడ అనవసరం. రాత్రిపూట మాత్రం నా చేత పాత చందమామలు చదివించుకునేవాడు. వాటిలో వాడికి బేతాళ కథలంటే ప్రాణం. మాట్లాడకపోతే తల పగులుతుంది, మాట్లాడితే శవం ఎగిరిపోతుంది అన్న ఇరకాటం వాడికి ఎందుకంత నచ్చిందో అప్పుడు అడగలేదు. తలుపు గడియను ఏమంటారో తెలియని పిల్లవాడికి 'మౌనభంగం' అనే మాట తెలుసు.

వాడికి పదేళ్ళప్పుడు, నోవైలోనే జరిగే నా మొదటి కథను వాడికి చదివి వినిపించాను. అందులో వాడి ఈడు పిల్లవాడు బడి నుంచి వచ్చి, "అమ్మా, నాకు చాలా ఆకలిగా ఉన్నది, తినడానికి ఏమైనా పెట్టు" అంటాడు. మావాడు నన్ను ఆపి, ఇంగ్లీషులో, "ఆ అబ్బాయి టీవీలో వార్తలు చదువుతాడా?" అని అడిగాడు. నవ్వేశాను గాని, ఆ తరువాతి పేజీలు చదవబుద్ధి కాలేదు. మా ఇంట్లో నేను తెలుగులో అడుగుతాను, పిల్లలు ఇంగ్లీషులో జవాబిస్తారు, ఆ రెండూ ఒకే సంభాషణ అని మా నలుగురికీ తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టడం ఎలా? పిల్లల మాటలను తెలుగు లిపిలో ఇంగ్లీషుగానే రాసి చూశాను. అర పేజీ దాటేసరికి అది చదివేవారికి రాళ్ళ దారిలో బండి ప్రయాణంలా ఉంది. అంతా తెలుగులోకి మార్చి రాస్తే వార్తలు చదివే అబ్బాయి మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. చివరికి, పిల్లలు అన్నదాన్ని కథ చెప్పే గొంతులో కలిపేసి, వాళ్ళ నోట నిజంగా వచ్చే తెలుగు మాటలను మాత్రం కొటేషన్లలో ఉంచడం మొదలుపెట్టాను. అవి తక్కువే. పెరుగు, ఎంగిలి, పాపం, అబ్బా, చీ. ఎంత ఇంగ్లీషు మధ్యలోనైనా మా పిల్లలు ఈ మాటలను మార్చరు. ఇద్దరూ పోట్లాడుకుంటున్నప్పుడు కూడా, తనది కాని గ్లాసు ముట్టుకున్నవాణ్ణి రెండోవాళ్ళు "ఎంగిలి!" అని అరిచి ఆపవలసిందే.

ఆ మాటల కోసం ఒక నోట్‌బుక్కు పెట్టాను. "నేను చలి" అని రాసుకున్నాను ఒక రోజు. మంచులో ఆడి వచ్చిన మా అమ్మాయి అన్న మాట. తెలుగులో చలి మనకు వేస్తుంది, ఆకలి మనకు వేస్తుంది, నిద్రా కోపమూ మనకు వస్తాయి. పిల్లలకేమో అవన్నీ తామే. "నాన్న వచ్చింది" అని రాసుకున్నాను, మా ఆయన ముందు ఆ పేజీ తీయలేదు. తప్పు కనిపించిన ప్రతిచోటా సరిదిద్దేదాన్ని, ఒక్కచోట తప్ప. ఎదుటివారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము' అనే తేడా ఇంగ్లీషులో లేదు కనుక మా పిల్లలు అన్నింటికీ 'మనం' అనే అనేవారు. "అమ్మా, మనం ఈరోజు మ్యూజియంకి వెళ్ళాం", "మనం లెక్కల పరీక్ష రాశాం". నేను వెళ్ళని మ్యూజియాల్లోకీ, నేను రాయని పరీక్షల్లోకీ వాళ్ళు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే, అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా అబ్బాయికి పదమూడేళ్ళు వచ్చిన శీతాకాలంలో, బట్టలు మెషీన్లో వేసే ముందు వాడి ప్యాంటు జేబులు చూస్తుంటే నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి దొరికింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వాక్యాలు, వరసగా ఆరు. తాతయ్యా బాగున్నారా. నేను బాగున్నాను. నిన్న గుడికి వెళ్ళాను. 'వెళ్ళాను' అన్నచోట పదం మధ్యలో రెండు పెద్ద ఎల్‌లు ఉన్నాయి. ఏడేళ్ళప్పుడు దుప్పటి కప్పుకుని నా పక్కన కూర్చుని చూసినది వాడు మరిచిపోలేదన్నమాట. ఆరో వాక్యాన్ని మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాడు. ప్రతి శనివారం ఫోనుకు ముందు వాడు పది నిమిషాలు గది తలుపు వేసుకోవడం, ఫోనులో ఎప్పుడూ ఆరు వాక్యాలు మాట్లాడి చెల్లెలికి ఇచ్చేయడం నాకు అప్పుడు అర్థమయ్యాయి. కాగితాన్ని తిరిగి జేబులోనే పెట్టి ఉంటే బాగుండేది. బల్ల మీద పెట్టి ఉన్నా బాగుండేది. నేను దాన్ని నోట్‌బుక్కులో పెట్టుకుని, నెల తిరక్కుండా కథ రాశాను.

నిజం చెప్పాలంటే అది అప్పటిదాకా నేను రాసినవాటిలో మంచి కథ. ఒక వెబ్ పత్రికలో వచ్చింది, ఉత్తరాలు వచ్చాయి. తెనాలిలో మా నాన్నగారు ప్రింటు తీయించుకుని చదివారు. ఆ శనివారం మావాడు కాగితం పట్టుకుని ఫోను తీసుకున్నాడు. నాన్నగారు వాణ్ణి రెండో వాక్యం కూడా చెప్పనివ్వకుండా, ఎంతో ప్రేమగా, "కాగితం అక్కర్లేదురా నాన్నా, నీకు ఎలా వస్తే అలా మాట్లాడు, నాకు అర్థమవుతుంది" అన్నారు. వాడు నా వైపు చూశాడు. ఫోను బల్ల మీద పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయాడు. గంట తరువాత నేను వెళ్ళేసరికి చీకట్లో కూర్చుని ఉన్నాడు, పక్కన చెల్లెలు. ఇంగ్లీషులో అరుస్తాడని సిద్ధపడి వెళ్ళినదాన్ని. వాడు తెలుగులో, నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ, "అమ్మా, మేము నీ కథల కోసం మాట్లాడట్లేదు" అన్నాడు.

మేము. వాడూ చెల్లెలూ, నేను కాదు. ఎవరూ నేర్పకుండానే, ఎక్కడ వాడాలో అక్కడ వాడాడు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను: ఆ క్షణంలో నాకు ముందు తోచింది వాడికి 'మేము' వచ్చేసిందనే. వాడు అన్నది లోపలికి దిగడానికి ఇంకొంచెం సమయం పట్టింది.

కథను తీసేయమని పత్రికవారిని అడిగితే తీసేశారు. ఆ తరువాత పిల్లలతో ఒక ఒప్పందం చేసుకున్నాను: వాళ్ళ నుంచి వచ్చినది ఏదైనా వాళ్ళు వినకుండా అచ్చుకు వెళ్ళదు, వాళ్ళు వద్దన్నది ఉండదు. చెప్పినంత తేలిక కాదది. అబ్బాయికి తెలుగు చదవడం రాదు, విన్నా సాహిత్యపు తెలుగు సగమే అందుతుంది కనుక, కథ మొత్తాన్ని వాడికి ఇంగ్లీషులో నోటితో చెప్పాలి. నాకు బాగా వచ్చాయనుకున్న చోట్లు కొన్ని ఇంగ్లీషులో చెప్పేటప్పటికి గాలి తీసిన బుడగల్లా చేతిలో మిగిలేవి. అక్కడ జరిగినది ఏమీ లేదు, రెండు అందమైన మాటలు తప్ప. "తరువాత ఏమైంది?" అని వాడు అడుగుతాడు, నా దగ్గర జవాబు ఉండదు. అలా నాలుగైదు కథలు చెప్పాక, మాట సొంపు మీద ఆనుకుని నిలబడ్డ పేరాలను రాసేటప్పుడే పసిగట్టడం అలవాటయింది. అమ్మాయికి చదవడం వచ్చు, వేలు పెట్టి, వాక్యం వాక్యంగా. ఎక్కడ వేలు ఆగిందో నేను పక్కనుంచి చూస్తాను. 'ముంగిలి' దగ్గర ఆగితే అర్థం చెప్పి ముందుకు పొమ్మంటాను. నాలుగు పంక్తుల వాక్యం మధ్యలో ఆగి వెనక్కి వెళ్తే ఆ వాక్యాన్ని ఆ రాత్రే విరగ్గొడతాను. పెద్దవాళ్ళెవరూ నా కథలను ఇంత ఓపికగా చదివిపెట్టలేదు.

వాళ్ళు వద్దన్నవాటిలో నేను ఇప్పటికీ దిగమింగలేనివి రెండు ఉన్నాయి. ఏమిటో రాస్తే ఒప్పందం పోతుంది.

అబ్బాయి ఇప్పుడు ఆన్ ఆర్బర్‌లో చదువుతున్నాడు. మా ఇంటికి అరగంట దూరమే అయినా శనివారం ఫోను వాడి గదిలోంచే, నేను లేకుండా జరుగుతుంది. ఎన్ని వాక్యాలు మాట్లాడతాడో నాకు తెలియదు, నాన్నగారు చెప్పరు. అమ్మాయి హైస్కూల్లో ఇంగ్లీషు క్లాసు కోసం ఒక కథ రాసి, మొన్న డిసెంబరులో, ఒప్పందం ప్రకారం ముందు నాకు ఇచ్చింది. అందులో ఒక అమ్మ ఉంది. తెల్లవారుజామున వంటింట్లో కూర్చుని టైపు చేసుకుంటూ ఉంటుంది. చదువుతూ పోతుంటే, ఆవిడ పొందికైన, పొడవాటి, చక్కని ఇంగ్లీషు వాక్యాలు మాట్లాడుతోంది. ఇరవయ్యేళ్ళు దాటినా బ్యాంకుకు ఫోను చేసే ముందు రెండుసార్లు మనసులో అనుకుని చూసుకునే మనిషిని నేను. "నేనెప్పుడే ఇలా మాట్లాడాను?" అని అడిగాను.

"నువ్వు తెలుగులోనే అన్నావమ్మా," అంది ఇంగ్లీషులో. "నాకు వినబడేది ఇలాగే."

ఏమనాలో తెలియక పేజీ తిప్పాను. మూడో పేజీలో అన్నాచెల్లెళ్ళు గ్లాసు కోసం పోట్లాడుకుంటున్నారు, అక్కడ ఒక ఖాళీ వదిలిపెట్టి పెన్సిలుతో చుట్టు చుట్టింది. 'ఎంగిలి'కి ఏం రాయాలో తోచలేదట. ఇద్దరం కూర్చుని చాలాసేపు చూశాం. పొయ్యి మీద కుక్కరు మూడో కూత వేసింది. చివరికి తను పెన్సిలు తీసుకుని, ఆ ఖాళీలో ఇంగ్లీషు అక్షరాలతో ఎంగిలి అనే రాసేసి, అర్థం ఎక్కడా చెప్పకుండా కింది వాక్యానికి వెళ్ళిపోయింది.