జపనీస్ పదాల లాగ్, 3వ వారం: సొంతిల్లు, అద్దిల్లు

కొత్త పదాల కార్డులు 22. వారాంతపు పరీక్షలో నిలిచినవి 15. జారిపోయిన ఏడింటిలో నాలుగు ‘ఇల్లు’ అనే ఒక్క కంజి (చైనా లిపి నుంచి వచ్చిన జపనీస్ అక్షరం) దగ్గరే. సొంతిల్లు ‘మొచిఇఎ’లో దాన్ని ‘ఇఎ’ అని చదవాలి. అద్దిల్లు ‘షకుయ’, అద్దె ‘యచిన్’, ఇంటి ఓనరు ‘ఓయ’, ఈ మూడింట్లో ‘య’. 1991లో వచ్చిన అద్దెల చట్టం పేరు ‘షకుచి షక్క హో’లోనేమో ‘క’. అందుకే కంజికో కార్డు పెడితే లాభం లేదు, మాటకో కార్డు పెట్టాలి.

‘ఓయ’లో దీర్ఘం తప్పనిసరి. ‘ఒయ’ అంటే తల్లో తండ్రో. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే రెండూ ఒకేలా కనబడతాయి. తెలుగులో రాసుకుంటే తేడా కంటికే ఆనుతుంది, ఇది మనకు పెద్ద వరం. ఎదుట మాట్లాడేటప్పుడు ‘ఓయసన్’ అనాలి.

క్రియల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. మనకు ‘అద్దెకు’ అన్న మాట అలాగే ఉండి, తీసుకోవడం, ఇవ్వడం మారతాయి. అక్కడ తీసుకుంటే ‘కరిరు’, ఇస్తే ‘కసు’. పక్కింటి గొడుగు ఊరికే తెచ్చుకున్నా ‘కరిరు’యే. తె రూపాలు (మన ‘తీసుకుని’, ‘ఇచ్చి’ లాంటివి): కరితె, కషితె. కొనడం ‘కౌ’, దాని రూపం ‘కత్తె’. కాన్సాయ్ (ఒసాకా చుట్టుపక్కల ప్రాంతం) యాసలో మాత్రం ‘కత్తె’ అంటే అద్దెకో అరువుకో తీసుకోవడం, కొనడానికి ‘కోతె’. ఒసాకా వాళ్ల వీడియోలతో సాధన చేసేవాళ్లు ఈ జంటను విడిగా రాసుకోవాలి.

ప్రకటన చదివే సాధన: ‘చింతయ్’ అని ఉంటే అద్దెకు, ‘బుంజో’ అని ఉంటే అమ్మకానికి. ‘షికి 1, రే 1’ అంటే షికికిన్ ఒక నెల అద్దె, రేకిన్ ఒక నెల అద్దె. షికికిన్ మన అడ్వాన్సు లాంటిది, ఖాళీ చేశాక కోతలు పోను తిరిగొస్తుంది. రేకిన్ ఓనరుకు మర్యాదగా ఇచ్చే సొమ్ము, తిరిగి రాదు. యచిన్ 80,000 యెన్లు, కన్రిహి (నిర్వహణ ఖర్చు) 5,000 అనుకుంటే మొదటి నెల 85,000, షికికిన్ 80,000, రేకిన్ 80,000, వెరసి 2,45,000. ఏజెంటు రుసుము ‘చూకయ్ తెసూర్యో’ ఎక్కువలో ఎక్కువ ఒక నెల అద్దె, దానిపై 10 శాతం పన్ను, అంటే 88,000.

కన్రిహిని ‘అద్దె’ గుంపులో వేయడం తప్పు. సొంత ఫ్లాటుకీ అది కట్టాలి, పైగా మరమ్మతుల నిధి ‘షూజెన్ త్సుమితతెకిన్’ కూడా. జనవరి 1న ఎవరి పేరున ఇల్లుంటే వాళ్లకే ఆస్తిపన్ను ‘కొతే షిసన్‌జే’ పడుతుంది.

4వ వారానికి: జారిన ఏడు కార్డులు మళ్లీ, కొత్తగా ‘గెంజో కైఫుకు’ (ఖాళీ చేసేటప్పుడు ఇంటిని సరిచేసి అప్పగించడం), ‘కోషిన్‌ర్యో’ (ఒప్పందం పొడిగింపు రుసుము).