స్నిచ్, ర్యాట్, గ్రాస్: ఇవన్నీ దొంగల తిట్లే

ఇంగ్లిష్ సిరీస్‌లు చూసీ చూసీ హన్మకొండ హాస్టళ్లలో పిల్లలు కూడా ఒకరినొకరు స్నిచ్ (పైవాళ్లకు మోసేవాడు) అనుకుంటున్నారు. వార్డెన్‌కి నీళ్లు రావట్లేదని చెప్పినోడు కూడా స్నిచ్చే అట!

పోలీసులకు సమాచారం ఇచ్చే మనిషికి ఇంగ్లిష్‌లో మర్యాదైన పేరు దొరకడం కష్టం. ర్యాట్ అంటే ఎలుక, స్టూల్ పిజన్ అంటే తోటి పక్షులను వలలోకి రప్పించే ఎర పావురం. బ్రిటన్‌లో గ్రాస్ అంటారు. లండన్ ప్రాస భాషలో పోలీసుని పిలిచే కాపర్‌కి గ్రాస్‌హాపర్‌ని జోడీ చేసి, అందులో సగం కోసేస్తే గ్రాస్ మిగిలిందని ఎక్కువమంది చెప్పే కథ. 1970ల్లో బ్యాంకు దొంగలే అప్రూవర్లుగా మారి మొత్తం ముఠాలను పట్టిస్తుంటే వాళ్లకి సూపర్‌గ్రాస్ అని పేరొచ్చింది. దొరికిపోయినోడి కోపం తప్ప ఈ మాటల్లో ఏముంది? దోపిడీకి గురైనవాళ్లు పేరు పెట్టి ఉంటే ఎలుక అని పెట్టేవాళ్లా?

మనమేం తక్కువ కాదు. విభీషణుడు ధర్మం వైపు వెళ్లాడని ఒప్పుకుంటాం, మళ్లీ మనమే ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. ఆ సామెత లంకలో నిలబడి మాట్లాడుతోంది, గమనించారా.

ఇన్ఫార్మర్ మాత్రం మా వరంగల్ వైపు వేరే సంగతి. ఇంగ్లిష్‌లో అది ఆఫీసు కాగితాల్లో కూడా కనిపించే పదం, 80లు, 90ల్లో మా ఊళ్లలో ఆ ముద్ర పడితే మనిషి రాత్రి ఇంట్లో పడుకునేవాడు కాదు. ఇన్ఫార్మర్ అని నక్సలైట్ల దళానికి అనుమానం వస్తే ఒక చావు, దళానికి అన్నం పెట్టాడని పోలీసులకు అనుమానం వస్తే ఇంకో చావు, రెండు వైపులా రుజువు ఎవరూ అడగరు. మా బాపు ఇప్పటికీ ఆ మాట నోటితో అనడు, "వాడు అటిటు తిరిగెటోడు" అని ఊరుకుంటాడు. పేపర్లో పోలీసులకు ఉప్పందింది అని చదివితే మాత్రం ఏమీ అనిపించదు, అందులో ఉప్పే ఉంది, మనిషి లేడు కదా.

ఇక నమ్మకద్రోహానికి వస్తే, సోల్డ్ డౌన్ ద రివర్ అనే మాటని నేను చాలాకాలం మన నట్టేట ముంచడం లాంటిదే అనుకున్నా. కాదు. 1808 నుంచి అమెరికా బయటి దేశాల బానిసలను తేవడం ఆపేసింది, దేశం లోపల అమ్మకం ఆపలేదు. అప్పుడే దక్షిణాన పత్తి సాగు విపరీతంగా పెరుగుతోంది, దాంతో కెంటకీ లాంటి చోట్ల నుంచి మనుషులను ఓహియో, మిసిసిపీ నదుల మీదుగా కిందికి నాచెజ్, న్యూ ఆర్లీన్స్ సంతలకు తీసుకెళ్లి అమ్మేవాళ్లు. భార్య ఒక చోట, పిల్లలు ఇంకో చోట. ఎనుమాములలో పత్తి బస్తాలు వేలం పాడటం చూసిన మనకు ఆ పత్తి కోసమే మనుషులను వేలం వేశారంటే కడుపులో దేవినట్టు అవుతుంది. నట్టేట ముంచినవాడికి డబ్బు ముట్టాలని లేదు, ఇక్కడ మాత్రం మనిషికి రేటు కట్టారు. క్రికెట్ జట్టులోంచి తీసేస్తే వాడే మాట కాదిది.

మంచి అర్థంతో నిలబడ్డది విజిల్‌బ్లోయర్ ఒక్కటే, అంటే తను పనిచేసే చోట జరిగే తప్పును బయటపెట్టేవాడు. అదీ ఊరికే రాలేదు, 1970ల మొదట్లో అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నాడర్ లాంటివాళ్లు పనిగట్టుకుని దానికి గౌరవం తెచ్చారు. మన పత్రికలు ప్రజావేగు అంటున్నాయి, నాకు నచ్చదు, వేగు అనగానే మళ్లీ గూఢచారి వాసనే. హైవే పనుల్లో అవినీతి గురించి ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు బయటపెట్టొద్దని కోరిన ఇంజినీర్ సత్యేంద్ర దూబేను 2003 నవంబర్‌లో గయలో కాల్చి చంపారు. దోపిడీలో జరిగిన హత్య అని కేసు తేలింది, అది నమ్మనివాళ్లు ఇప్పటికీ చాలామంది. ఇలాంటివాళ్ల రక్షణకు పార్లమెంటు 2014లో చట్టం చేసింది. ఏళ్లు గడిచినా దాన్ని అమల్లోకి తేలేదు.